మాత్ర మింగించిన సేనాని

యుద్ధంలో సైనికులు దేనివల్ల నేలకొరుగుతారని అడిగితే మీరు ఏం చెబుతారు? తూటాలనో, బాంబులనో, ఫిరంగులనో అంటారు. 1943లో బర్మా సరిహద్దులో పోరాడుతున్న బ్రిటిష్ ఇండియా సైన్యం లెక్కలు చూస్తే మీ జవాబు మార్చుకోవాల్సి వస్తుంది. గాయపడి ముందు వరస నుంచి వెనక్కి వచ్చే ఒక్కో సైనికుడికి, జబ్బు చేసి వెనక్కి వచ్చేవాళ్లు 120 మంది ఉండేవారు. ఒక్క మలేరియా సంగతే తీసుకుంటే, ఏడాదిలో మొత్తం సైనికుల సంఖ్యలో 84 శాతానికి సమానంగా కేసులు. ముందు వరసలో ఉన్న దళాల్లో ఇంకా ఎక్కువ. అంటే శత్రువు ఒక్క తూటా పేల్చకపోయినా, ఆ సైన్యం కొన్ని నెలల్లో మంచాన పడిపోతుందన్నమాట.

రెండేళ్లు తిరిగేసరికి అదే సైన్యంలో, అదే అడవుల్లో, రోజుకు వెయ్యి మందికి ఒక్కరు మాత్రమే జబ్బు పడే స్థితి వచ్చింది. కొత్త మందులు వచ్చాయి, నిజమే. అయితే మందు రావడం వేరు, మందు కడుపులోకి వెళ్లడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని తగ్గించిన మనిషి డాక్టరు కాదు. ఆయన ఒక సైన్యాధికారి. పేరు విలియం స్లిమ్. మందుల చీటీ జేబులో పెట్టుకుని, మాత్రలు అలమరలో వదిలేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. అందుకే ఈయన జీవితం మీకు చెప్పాలనిపించింది.

గుమస్తా నుంచి సైన్యంలోకి

స్లిమ్ 1891 ఆగస్టు 6న ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో పుట్టాడు. తండ్రిది ఇనుప సామాను వ్యాపారం. అది సరిగ్గా సాగక కుటుంబం బర్మింగ్‌హామ్‌కు మారింది. ఇద్దరు కొడుకుల్లో ఒక్కరినే పై చదువు చదివించే స్తోమత ఉండటంతో అన్న వైద్యవిద్యలో చేరాడు. తమ్ముడు విలియం పేదపిల్లల బడిలో కొంతకాలం పాఠాలు చెప్పి, తర్వాత లోహపు గొట్టాలు తయారుచేసే కంపెనీలో గుమస్తాగా కుదిరాడు.

ఆ రోజుల్లో బ్రిటిష్ సైన్యంలో అధికారి కావాలంటే డబ్బు, వంశం రెండూ కావాలి. స్లిమ్‌కు రెండూ లేవు. కానీ సైన్యం అంటే మక్కువ. విద్యార్థి కాకపోయినా బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలోని సైనిక శిక్షణ దళంలో ఎలాగో చేరిపోయాడు. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధం మొదలవగానే అధికారుల అవసరం ఒక్కసారిగా పెరిగింది. ఆ నెలలోనే ఆయన రాయల్ వార్విక్‌షైర్ రెజిమెంట్‌లో తాత్కాలిక సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. యుద్ధం రాకపోతే బహుశా గుమస్తాగానే మిగిలిపోయేవాడు.

1915 ఆగస్టులో టర్కీలోని గల్లిపోలిలో ఆయన ఛాతీ పైభాగాన్ని తూటా చీల్చింది. బతికి బట్టకట్టడమే కష్టమనుకున్నారు. కోలుకున్నాక, మళ్లీ యుద్ధభూమికి పనికిరాడని వైద్యులు అనుకుంటుండగానే మెసొపొటేమియాకు, అంటే ఇప్పటి ఇరాక్‌కు వెళ్లాడు. 1917లో మళ్లీ గాయపడి మన దేశానికి చేరాడు. ఆ పోరాటంలో చూపిన ధైర్యానికి మిలిటరీ క్రాస్ దక్కింది.

ఆయన పనిచేసిన ఆ రెండు రణరంగాలూ వైద్యచరిత్రలో చెడ్డపేరు మూటగట్టుకున్నవే. గల్లిపోలిలో ఈగలు, కలుషిత నీరు, రక్త విరేచనాలు వేల మందిని తీసుకుపోయాయి. మెసొపొటేమియాలో గాయపడినవాళ్లను, జబ్బుపడినవాళ్లను చూసే దిక్కులేక జరిగిన ఘోరం మీద బ్రిటన్‌లో విచారణ సంఘమే వేశారు. కింది స్థాయి అధికారిగా స్లిమ్ ఆ రెండింటి మధ్యా తిరిగాడు.

గూర్ఖాలతో ఇరవై ఏళ్లు

గల్లిపోలిలో తన పక్కన పోరాడిన గూర్ఖా సైనికులను చూసి స్లిమ్ ముగ్ధుడయ్యాడు. యుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం వదిలి ఇండియన్ ఆర్మీకి మారి, 1920లో 6వ గూర్ఖా రైఫిల్స్‌లో చేరాడు. ఇండియన్ ఆర్మీలో జీతం మీద బతకొచ్చన్నది కూడా ఒక కారణం. అయినా సంసారం పెరిగాక జీతం చాల్లేదు. ఆంథొనీ మిల్స్ అనే మారుపేరుతో పత్రికలకు కథలు రాసి ఆ లోటు పూడ్చుకునేవాడు. మిల్స్ అన్న పేరు ఇంగ్లిష్‌లో వెనక నుంచి చదివితే స్లిమ్ అవుతుంది.

ఈ ఏళ్లలో ఆయన సంపాదించింది భాష. గూర్ఖాలీ, ఉర్దూ బాగా మాట్లాడేవాడు. సైనికుడి పక్కన కూర్చుని, అతని భాషలోనే కబుర్లు చెప్పగలిగేవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత లక్షల మంది చేత చేదు మాత్ర మింగించాల్సి వచ్చినప్పుడు ఈ భాషే అక్కరకొచ్చింది.

రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి ఆయనకు 48 ఏళ్లు. 1940, 41లలో తూర్పు ఆఫ్రికాలో ఒక భారత బ్రిగేడ్‌ను నడిపాడు. అక్కడ మరోసారి గాయపడ్డాడు. తర్వాత ఇరాక్, సిరియా, ఇరాన్‌లలో 10వ భారత డివిజన్‌కు నాయకుడయ్యాడు. 1942 మార్చిలో ఉన్నట్టుండి బర్మాకు రమ్మని కబురు వచ్చింది.

రంగం కూలిన రోజులు

రంగూన్‌ను మన పెద్దలు రంగం అనేవారు. శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు కూలి పనికి, రేవు పనికి, మిల్లు పనికి రంగం వెళ్లాయి. ఆ జిల్లాల్లో మీ బంధువులెవరైనా ఉంటే, తాతలు రంగం నుంచి నడిచి వచ్చిన కథ విని ఉంటారు. 1942 మార్చి మొదట్లో రంగం జపాన్ చేతికి చిక్కింది. లక్షల మంది భారతీయులు కాలినడకన కొండలు, అడవులు దాటుకుంటూ అస్సాం, బెంగాల్ వైపు సాగారు. దారిలో కలరా, మలేరియా, ఆకలి. ఎందరో ఆ దారిలోనే రాలిపోయారు.

అదే సమయంలో, బర్మాలోని సైన్యాన్ని వెనక్కి తీసుకొచ్చే పని స్లిమ్ మీద పడింది. జపాన్ దళాలు తరుముతుంటే దాదాపు 900 మైళ్లు వెనక్కి నడిచారు. బ్రిటిష్ సైన్యం చరిత్రలోనే అతి పొడవైన తిరోగమనాల్లో అదొకటి. మే నెలలో, వానలు మొదలవుతుండగా ఇంఫాల్ చేరినప్పుడు ఆ సైనికులు చిరిగిన బట్టల్లో, ఎముకల గూళ్లలా ఉన్నారు. మలేరియా, విరేచనాలు లేనివాడు అరుదు. స్లిమ్ ఓడిపోయిన సేనాని. ఆ ఓటమిని ఆయన ఎవరి నెత్తినా రుద్దలేదు. ఎక్కడ తప్పు జరిగిందో కూర్చుని ఆలోచించాడు.

మూడు పునాదులు

1943 అక్టోబరులో ఆయనకు 14వ సైన్యం పగ్గాలు అప్పగించారు. బెంగాల్ తీరం నుంచి అస్సాం కొండల దాకా దాదాపు 700 మైళ్ల సరిహద్దు. లక్షల సైన్యం. వారిలో అత్యధికులు భారతీయులు. మిగతావాళ్లు గూర్ఖాలు, బ్రిటిష్‌వాళ్లు, ఆఫ్రికన్లు. ఐరోపా యుద్ధానికే ఆయుధాలు, మందులు ముందు వెళ్లేవి. అందుకే ఈ సైన్యానికి మరచిపోయిన సైన్యం అన్న పేరు వచ్చింది.

సరఫరా, ఆరోగ్యం, మనోబలం. ఈ మూడూ సరిగా లేకపోతే ఎత్తుగడలు ఎన్ని వేసినా వృథా అని స్లిమ్ తేల్చాడు. అదే సమయంలో ఆగ్నేయాసియా దళాలకు సర్వాధికారిగా వచ్చిన మౌంట్‌బాటన్ కూడా మలేరియా, వర్షాకాలం, మనోబలం అనే మూడింటినే ప్రధాన సమస్యలుగా గుర్తించాడు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. అప్పటి పద్ధతి ప్రకారం మలేరియా వచ్చిన సైనికుడిని లారీలో, రైల్లో, పడవలో వందల మైళ్లు వెనక్కి, మన దేశంలోని పెద్దాసుపత్రులకు పంపేవారు. దారిలోనే జ్వరం ముదిరేది. అతను కోలుకుని మళ్లీ తన దళంలో కలిసేసరికి సగటున ఐదు నెలలు. కొందరు తిరిగి వచ్చేవారే కాదు. జ్వరం మూడు రోజులది అనుకుంటే, దానివల్ల సైన్యం పోగొట్టుకుంటున్నది ఐదు నెలలు. ఈ లెక్క ఎవరైనా వేయొచ్చు. దాన్ని పట్టుకుని వ్యవస్థను తిరగరాసింది మాత్రం స్లిమ్, ఆయన వైద్యాధికారులు.

ఏం మార్చారు?

మొదటి మార్పు, ఆసుపత్రిని రోగి దగ్గరికే తీసుకెళ్లడం. ముందు వరసకు కొద్ది మైళ్ల వెనకే గుడారాల్లో మలేరియా చికిత్స కేంద్రాలు పెట్టారు. జ్వరం వచ్చిన 24 గంటల్లోపే సైనికుడు అక్కడ చేరేవాడు. చికిత్స పూర్తిచేసుకుని, కోలుకుని కొద్ది వారాల్లో తన దళానికి వెళ్లిపోయేవాడు. ఐదు నెలల సంగతి వారాల్లోకి దిగింది. మన ఊళ్లలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఉపకేంద్రాలు ఉన్నది సరిగ్గా ఈ ఆలోచనతోనే. జ్వరం వచ్చిన చోటే రక్తపరీక్ష, అక్కడే మందు.

రెండోది, బాగా గాయపడినవాళ్లను విమానాల్లో తరలించడం. అడవిలో చిన్న చదును నేల చేసి, అక్కడి నుంచి బుల్లి విమానాల్లో, తర్వాత పెద్ద విమానాల్లో ఆసుపత్రులకు చేర్చారు. గుంతల దారుల్లో రోజుల తరబడి సాగే నరకం గంటల్లో ముగిసేది.

మూడోది, కొత్త పరిశోధనలను వెంటనే వాడుకలోకి తేవడం. సల్ఫా మందులు, తర్వాత పెన్సిలిన్, చివర్లో డీడీటీ వచ్చాయి. వీటన్నింటికన్నా ముఖ్యమైనది మెపాక్రిన్ అనే పసుపు పచ్చని మాత్ర.

నాలుగోది క్రమశిక్షణ, మనోబలం. అసలు కథ ఇక్కడే ఉంది.

పసుపు మాత్ర కథ

అప్పటిదాకా మలేరియాకు మందు అంటే క్వినైన్. సింకోనా చెట్టు బెరడు నుంచి తీసేవారు. ప్రపంచానికి కావాల్సిన క్వినైన్‌లో దాదాపు 90 శాతం జావా తోటల నుంచే వచ్చేది. 1942 మార్చిలో జావా జపాన్ చేతికి వెళ్లిపోయింది. దాంతో మిత్రరాజ్యాల సైన్యాలకు మెపాక్రిన్ ఒక్కటే దిక్కయింది.

ఆస్ట్రేలియా సైన్యంలో వైద్యాధికారి అయిన నీల్ హామిల్టన్ ఫెయిర్లీ 1943లో కెయిర్న్స్ పట్టణంలో స్వచ్ఛందంగా ముందుకొచ్చిన సైనికుల మీద ప్రయోగాలు చేశాడు. దోమలతో కుట్టించారు, చన్నీళ్లలో ఉంచారు, కొండలు ఎక్కించారు. రోజూ ఒక మాత్ర, అంటే 100 మిల్లీగ్రాములు, క్రమం తప్పకుండా మింగితే మలేరియా మనిషిని పడగొట్టలేదని తేలింది. క్రమం తప్పకుండా అన్న మాట దగ్గరే అంతా ఉంది.

సైనికులు మాత్ర మింగేవారా? చాలామంది మింగేవారు కాదు. చేదు. కడుపులో తిప్పేది. ఒళ్లు పసుపు పచ్చగా మారేది. పైగా ఒక పుకారు దావానలంలా పాకింది, ఈ మాత్ర వేసుకుంటే మగతనం పోతుందని. అందులో ఏమాత్రం నిజం లేదు. అయినా పుకారుకు నిజంతో పనేముంది? సైనికులు మాత్ర నోట్లో పెట్టుకుని, అధికారి అటు తిరగ్గానే ఉమ్మేసేవారు. కొందరికి ఇంకో లెక్క. మలేరియా వస్తే కొన్ని నెలలు యుద్ధభూమి తప్పుతుంది కదా అని.

చదువుతున్న మీకు ఇది ఎక్కడో విన్నట్టు అనిపిస్తోందా? బోదకాలు నివారణకు ఇంటింటికీ వచ్చి ఇచ్చే మాత్రలు తీసుకుని, తర్వాత వేసుకుంటామని చెప్పి కిటికీలో పెట్టేవాళ్లను మేం ఏటా చూస్తాం. టీకాలు వేస్తే పిల్లలు పుట్టరన్న పుకారు ఎన్నిసార్లు వచ్చిందో మీకూ తెలుసు. ఎనభై ఏళ్లు గడిచినా పుకారు రూపం మారలేదు, ప్రాంతమే మారింది.

బాధ్యత ఎవరిది?

ఇక్కడ స్లిమ్ తీసుకున్న నిర్ణయం ప్రజారోగ్యంలో పనిచేసే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సింది. జబ్బుతో చేసే యుద్ధంలో సగానికి పైగా గెలవాల్సింది డాక్టర్లు కాదని, దళాన్ని నడిపే అధికారులని ఆయన చెప్పేవాడు. రోజూ సైనికులు మాత్ర మింగుతున్నారో లేదో, సాయంత్రం కాగానే చొక్కా చేతులు దించుకున్నారో లేదో, నిక్కరు తీసి పొడుగు ప్యాంటు వేసుకున్నారో లేదో చూడాల్సింది వాళ్లేనన్నాడు.

ఊరికే చెప్పి వదల్లేదు. చెప్పాపెట్టకుండా దళాల మీద తనిఖీలు పెట్టించాడు. దళంలో ప్రతి ఒక్కరినీ పరీక్షిస్తారు. వంద మందిలో కనీసం 95 మంది మాత్ర మింగినట్టు తేలాలి. తగ్గితే, ఆ దళాధిపతి పదవి ఊడుతుంది. అలా ముగ్గురిని తీసేశాడు. నాలుగోవాడిని తీయాల్సిన అవసరం రాలేదు. మిగతా అందరికీ విషయం అర్థమైపోయింది.

గమనించండి, మాత్ర మింగని సైనికుడి ఉద్యోగం పోలేదు. మింగించని అధికారి ఉద్యోగం పోయింది. మన దగ్గర రోగి మందులు మానేస్తే తప్పంతా రోగిదేనని తేల్చేస్తాం. ఎందుకు మానేశాడు, ఎవరైనా అర్థమయ్యేలా చెప్పారా, వికారం వస్తే ఏం చేయాలో చెప్పారా, మర్నాడు ఎవరైనా వాకబు చేశారా అన్నవి అడగం. క్షయకు మందులు కళ్లెదుటే మింగించే పద్ధతి, బోదకాలు మాత్రలు కార్యకర్త ముందే వేసుకోమనడం, రెండింటి వెనకా ఉన్నది ఇదే తర్కం.

భయం ఒక్కటే పనిచేయలేదు. స్లిమ్ నెలల తరబడి జీపులో, చిన్న విమానంలో దళాల మధ్య తిరిగాడు. జీపు బానెట్ మీదో, పెట్టె మీదో నిలబడి సైనికులతో వారి భాషలో మాట్లాడేవాడు. ముందు వరసలో తిండి తగ్గి సగం రేషన్ ఇవ్వాల్సి వస్తే, తన కార్యాలయంలో కూడా అందరికీ సగం రేషనే పెట్టించేవాడు. సైనికులు ఆయన్ను బిల్ మామయ్య అని ముద్దుగా పిలుచుకునేవారు. అలాంటి మనిషి మింగమంటే మింగబుద్ధవుతుంది కదా.

దోమకు జనరల్ అయితేనేం?

1944 వానాకాలంలో స్లిమ్‌కే మలేరియా వచ్చింది. చీకటి పడ్డాక ఆరుబయట స్నానం చేయకూడదన్నది ఆయన ఇచ్చిన ఆదేశమే. ఆయనే దాన్ని ఉల్లంఘించి స్నానం చేశాడు. దోమ కుట్టింది. షిల్లాంగ్ ఆసుపత్రిలో పడుకోవాల్సి వచ్చింది. ఈ సంగతిని దాచకుండా, తగిన శాస్తి జరిగిందన్న ధోరణిలో తన పుస్తకంలో రాసుకున్నాడు. మలేరియా దోమ సాయంత్రం నుంచి తెల్లవారే దాకా కుడుతుంది. దానికి హోదాతో పనిలేదు.

ఫలితం ఏమిటి?

1944 మార్చిలో జపాన్ సైన్యం సుమారు 85 వేల మందితో ఇంఫాల్, కొహిమాల మీద విరుచుకుపడింది. త్వరగా గెలిచి, అక్కడి నిల్వలతో కడుపు నింపుకోవచ్చన్న ధీమాతో తక్కువ తిండి, తక్కువ మందులతో బయలుదేరింది. నెలల పోరాటం తర్వాత జూన్ 22న ఇంఫాల్, కొహిమా మధ్య దారి తెరుచుకుంది. వెనక్కి మళ్లిన జపాన్ దళాలను ఆకలి, మలేరియా, విరేచనాలు వెంటాడాయి. వారితో కలిసి నడిచిన ఆజాద్ హింద్ ఫౌజ్ సైనికులకూ అదే గతి పట్టింది. మందులు, తిండి లేని ధైర్యం ఎంత గొప్పదైనా అడవి జ్వరం ముందు నిలవలేదు.

స్లిమ్ అప్పుడు అందరూ కాదన్న పని చేశాడు. వానల్లో యుద్ధం ఆపడం ఆనవాయితీ. ఆయన ఆపలేదు. మలేరియాకు పేరుమోసిన కబా లోయ గుండా సైన్యాన్ని ముందుకు నడిపించాడు. సైనికులు రోజూ మాత్ర మింగుతున్నారన్న నమ్మకం లేకపోతే అది ఆత్మహత్యే అయ్యేది. 1945 మార్చిలో మెయిక్టిలా, మాండలే చిక్కాయి. మే మొదట్లో రంగం తిరిగి చేతికి వచ్చింది. మూడేళ్ల కిందట చిరిగిన బట్టలతో వెనక్కి నడిచిన సేనాని, ఆరోగ్యంగా ఉన్న సైన్యంతో తిరిగి వెళ్లాడు.

ఒక నిజం కూడా చెప్పుకోవాలి. సైనికుడికి రోజూ మాత్ర అందిన ఆ రోజుల్లోనే, అదే బెంగాల్‌లో, కరవులో చిక్కుకున్న పల్లె జనానికి అన్నమూ లేదు, క్వినైనూ లేదు. 1943 కరవు, దాని వెంట వచ్చిన జబ్బులు కలిసి లక్షల ప్రాణాలు తీశాయి. ఆ చావుల్లో మలేరియా వాటా చాలా పెద్దది. జబ్బును ఆపడం ఎలాగో తెలిసి కూడా, ఎవరిని కాపాడాలన్నది ఎవరో నిర్ణయించినప్పుడు ఇలాగే జరుగుతుంది. ఈ రోజు మలేరియా పరీక్ష, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో అందరికీ ఉచితంగా ఇస్తున్నది అందుకే. అవి మీ హక్కు.

చివరి ఏళ్లు

యుద్ధం తర్వాత స్లిమ్ 1948లో బ్రిటిష్ సైన్యానికి అధిపతి అయ్యాడు. ఇండియన్ ఆర్మీ నుంచి ఆ పదవికి చేరిన మొదటి వ్యక్తి ఆయనే. 1949లో ఫీల్డ్ మార్షల్ హోదా వచ్చింది. 1953 నుంచి 1960 దాకా ఆస్ట్రేలియా గవర్నర్ జనరల్‌గా ఉన్నాడు. 1956లో వచ్చిన ఆయన పుస్తకం డిఫీట్ ఇన్‌టు విక్టరీ ఇప్పటికీ సైనిక కళాశాలల్లో చదువుతారు. సైన్యాధికారి రాసిన పుస్తకంలో దోమలు, మాత్రలు, విరేచనాల గురించి అంత వివరంగా ఉండటం అరుదు. 1970 డిసెంబరు 14న లండన్‌లో కన్నుమూశాడు.

మనకు మిగిలిన పని

మలేరియాను దోమ మోసుకొస్తుందని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. ఆయనా సైనిక వైద్యాధికారే. కారణం మన నేల మీద తెలిసి ఇన్నేళ్లయినా, ఏజెన్సీ మండలాల్లో వానలు పడ్డాక జ్వరాలు ఇంకా వస్తూనే ఉన్నాయి. 2030 నాటికి మలేరియాను పూర్తిగా నిర్మూలించాలని దేశం లక్ష్యం పెట్టుకుంది.

మెపాక్రిన్‌కు ఒక లోపం ఉండేది. వైవాక్స్ రకం మలేరియా క్రిమి కాలేయంలో నిద్రపోయి ఉంటుంది. ఆ నిద్రపోయే క్రిమిని మెపాక్రిన్ చంపలేదు. అందుకే యుద్ధం ముగిసి మాత్రలు మానేశాక ఎందరో సైనికులకు ఇళ్లకు వెళ్లాక జ్వరం తిరగబెట్టింది. ఇప్పుడు ఆ లోపం లేదు. కాలేయంలోని క్రిమిని చంపే ప్రైమాక్విన్ మన దగ్గర ఉంది. 14 రోజులు వేసుకోవాలి. మూడో రోజుకే జ్వరం తగ్గుతుంది కాబట్టి నాలుగో రోజున చాలామంది ఆపేస్తారు. రెండు నెలలకో, ఆరు నెలలకో మళ్లీ వణుకుతూ ఓపీకి వస్తారు. కొత్తగా దోమ కుట్టిందనుకుంటారు. తరచూ అది పాత క్రిమే, మీరు వదిలేసిన పది రోజుల మాత్రల ఫలితమే. ఈలోగా మిమ్మల్ని కుట్టిన దోమ పక్కింటి పసిబిడ్డకు దాన్ని అంటించి ఉండొచ్చు.

మీ ఇంట్లో స్లిమ్ ఎవరు? అమ్మా, పెద్దన్నయ్యా, కోడలా? మందు మొదలైన రోజే ఒకరికి ఆ బాధ్యత అప్పగించండి. కళ్లెదుట మింగించి, క్యాలెండర్‌లో గీత పెట్టే పని వాళ్లది.

ఇవి గుర్తుంచుకోండి

• చలి, వణుకుతో జ్వరం వస్తే సొంతంగా మాత్రలు కొనుక్కోవద్దు. అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. ఆశా కార్యకర్త దగ్గర, ఉపకేంద్రంలో కిట్‌తో నిమిషాల్లో తేలిపోతుంది.

• ఏ రకం మలేరియానో అడిగి తెలుసుకోండి. రకాన్ని బట్టి మందు, రోజులు మారతాయి. ఒకరి మందులు ఇంకొకరు వాడకూడదు.

• ప్రైమాక్విన్‌ను గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ఇవ్వరు. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకు ఇది ప్రమాదం. మాత్రలు వేసుకునేటప్పుడు మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, ఆయాసం వచ్చినా ఆపేసి వెంటనే ఆసుపత్రికి రండి.

• మాత్ర ఖాళీ కడుపుతో వేసుకోవద్దు. వేసుకున్న అరగంటలోపు వాంతి అయితే మళ్లీ వేయాలి. ఎలాగో మీ ఏఎన్ఎంను అడగండి.

• మత్తు, మాటలు తడబడటం, ఫిట్స్, ఆయాసం, మూత్రం తగ్గడం కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగొద్దు.

• సాయంత్రం నుంచి ఒళ్లు నిండా బట్టలు, రాత్రి మందు పూసిన దోమతెర. ప్రభుత్వం ఇచ్చిన దోమతెరను చేపల వలగానో, కూరగాయల మడికి కంచెగానో వాడకండి.

• పొలాలు, పొదల్లో పనిచేసేవాళ్లకు జ్వరంతో పాటు ఒంటి మీద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు కనిపిస్తే డాక్టరుకు చూపించండి. అది స్క్రబ్ టైఫస్ కావొచ్చు. బర్మా అడవుల్లో స్లిమ్ సైనికులను భయపెట్టిన జబ్బుల్లో ఇదీ ఒకటి. అప్పట్లో దీనికి మందు లేదు. ఇప్పుడు ఉంది, తొందరగా వస్తే తేలిగ్గా తగ్గుతుంది.